అప్పగింతలయ్యాకే ఏడుపులు

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. ఆదివారంతో మీ లీడర్‌షిప్ శిబిరం అయిపోతుందని అమ్మ చెప్పింది. పెళ్లిలోలాగే ఇక్కడా ఆఖరి ఘట్టం అప్పగింతలే. కాకపోతే లెక్క ముందు, ఏడుపు తర్వాత.

అన్నిటికన్నా పెద్ద పని జాలారిపేట పిల్లల కోసం మీ జట్టు పెట్టిన పుస్తకాల పెట్టె. మీరు వెళ్లిపోయాక అది ఎవరిదో తేలకపోతే నెల తిరక్కుండా దానిమీద ఎవరో బియ్యం బస్తా పెడతారు. శుక్రవారం లోపు, బాధ్యత తీసుకునే టీచరుగారి ఎదుటే పుస్తకాలన్నీ బయటికి తీసి లెక్కపెట్టండి. రిజిస్టర్‌లో ఐదు గళ్లు చాలు: తేదీ, పేరు, తరగతి, పుస్తకం నంబరు, తిరిగిచ్చిన తేదీ. ఇంతకన్నా ఎక్కువ గీస్తే ఎవరూ నింపరు. పోయిన పుస్తకాలుంటే నంబర్లతో సహా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. దాచారా, రేపు ఆ నింద ఆవిడ మీద పడుతుంది. తాళంచెవులు రెండు ఉండాలి, రెండోది దగ్గర్లో ఉండే ఇంకెవరికైనా ఇవ్వండి. ఒక్కటే ఉంటే ఆవిడ సెలవు పెట్టిన రోజు పెట్టె తెరుచుకోదు. రెండుసార్లు ఉత్త చేతులతో వెనక్కెళ్లిన పిల్లలు మూడోసారి రారు. ఆఖరి పేజీలో ఏ పుస్తకాలు ఎవరూ ముట్టుకోలేదో రాయండి. రాయడానికి మొహమాటంగానే ఉంటుంది గానీ, వచ్చే బ్యాచ్‌కి అన్నిటికన్నా పనికొచ్చేది ఆ పేజీయే.

ప్రెజెంటేషన్‌కి ఏడు నిమిషాలిస్తే ఐదు నిమిషాలకే సిద్ధం కండి. ఐదుగురూ మాట్లాడాలని పట్టుబట్టకండి. ‘అందరికీ నమస్కారం, నా పేరు...’ అని ఐదుసార్లు అనేసరికి, మైకు చేతులు మారేసరికి నిమిషంన్నర ఎగిరిపోతుంది. ఇద్దరు మాట్లాడండి, ఒకరు ప్రశ్నలకి జవాబు చెప్పండి. కుదరని పని ఒకటి మీరే ముందు చెప్పేస్తే ప్రశ్నలు సగం తగ్గుతాయి.

సర్టిఫికెట్ ప్రింటుకి వెళ్లకముందే పేరు చూసుకో. పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు పూర్తిగానా, పొడి అక్షరమా అన్న దగ్గరే ఎక్కువ తప్పులు పడతాయి. శిబిరం వాళ్లిచ్చిన మెయిల్లోని ఫైళ్లు నీ మెయిల్‌కి షేర్ చేసుకుంటే సరిపోదు, డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకో. ఆ ఖాతా మూసేస్తే షేర్ చేసినవీ తెరుచుకోకపోవచ్చు.

జీన్సు, దుప్పటి గురువారమే ఉతికేయి. సముద్రం గాలికి అక్కడ మందం బట్టలు ఓ పట్టాన ఆరవు. తడిపొడిగా సర్దితే ఇంటికెళ్లి బ్యాగు తెరిచేసరికి ముక్కిపోయిన వాసన.

ఆఖరి సాయంత్రం అందరూ ఆర్కే బీచ్‌కి పోదామంటారు. వెళ్లు. ఇసుక మీద కూర్చో, మురీ మిక్చర్ తిను, నీళ్లలోకి మాత్రం దిగకు. అక్కడ ఒడ్డు పక్కనే లోతు, వెనక్కి లాగే కెరటం మోకాళ్ల లోతులో ఉన్నవాళ్లని కూడా పడేస్తుంది. ఫొటో కోసం సముద్రానికి వీపు తిప్పి నిలబడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంటికెళ్లిన మర్నాడే బడిలో మార్పులు మొదలుపెట్టకు. నువ్వు లేని రోజుల్లో బడి పనులు మోసినవాళ్లు అక్కడ ఉన్నారు. వారం రోజులు వాళ్లు చెప్పేది విను. తర్వాత హెడ్‌మాస్టరుగారికి ఒకే ఒక్క పని ఒక పేజీలో రాసి ఇవ్వు. ఎవరు, ఎప్పుడు, ఎంత ఖర్చు, అంతే.

సామర్లకోట టికెట్ మీద ఎక్కే స్టేషను విశాఖపట్నమా, దువ్వాడా అన్నది ఇవాళే చూసుకో. కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. దువ్వాడ అయితే రెండు గంటల ముందే బయల్దేరాలి. నాకు ఫోన్ చెయ్యి, ఆటో మాట్లాడతాను.

ఉంటాను,
పెదనాన్న