టెక్ సందేహాలు: రాత్రి పెట్టిన వీడియో పొద్దున్నకి ‘ఫెయిల్డ్’

ప్రశ్న: మా అమ్మాయి డ్యాన్స్ ప్రోగ్రాంని ఐఫోన్‌లో 4కేలో తీశాను. 12 నిమిషాలుంది. యూట్యూబ్‌లో పెడితే సగంలో ఆగిపోతోంది. అప్‌లోడ్‌కి పెట్టి పడుకున్నా పొద్దున్నకి ‘ఫెయిల్డ్’ అనే చూపిస్తోంది. మా నెట్‌లో సినిమాలు మాత్రం ఆగకుండా వస్తాయి. మరి ఇదెందుకు పోవడం లేదు?

సినిమా రావడానికి డౌన్‌లోడ్ స్పీడు చాలు. మీ వీడియో పోవాలంటే కావాల్సింది అప్‌లోడ్ స్పీడు. చాలా కనెక్షన్లలో ఇది బాగా తక్కువ. ఏదైనా స్పీడ్ టెస్ట్ నడిపి ‘అప్‌లోడ్’ అని ఉన్న అంకె చూడండి. అది 5 ఎంబీపీఎస్ అనుకుందాం. ఐఫోన్‌లో 4కే వీడియో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీస్తే నిమిషానికి దాదాపు 170 ఎంబీ అవుతుంది. అంటే మీ ఫైలు 2 జీబీ పైమాటే. స్పీడును లెక్కగట్టేది బిట్లలో, ఫైలును బైట్లలో. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 5 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 0.6 ఎంబీ మాత్రమే. ఈ లెక్కన మీ వీడియో పోవడానికి గంట కాస్త అటూ ఇటూ పడుతుంది.

ఆ గంటలో స్క్రీన్ ఆరిపోయినా, మీరు వేరే యాప్‌లోకి వెళ్లినా ఫోను యూట్యూబ్‌ని పక్కన పెట్టేయొచ్చు. అందుకే ఛార్జింగ్ పెట్టి, లో పవర్ మోడ్ తీసేసి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆటో-లాక్‌ని ‘నెవర్’కి మార్చి, యాప్‌ని తెరిచే ఉంచండి. ఆండ్రాయిడ్ వాళ్లయితే యాప్ సెట్టింగ్స్‌లో బ్యాటరీని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేసుకోవాలి. కంప్యూటర్ ఉంటే మాత్రం ఫైలును కేబుల్‌తో అందులోకి దించి, స్లీప్ మోడ్ ఆపేసి, బ్రౌజర్‌లోంచి పంపడమే నా మొదటి సలహా.

కంప్యూటర్ లేకపోతే 4కే కంటే తక్కువ రిజల్యూషన్ అయిన 1080పీలో ఒక కాపీ తయారు చేసి పెట్టండి, సైజు బాగా తగ్గుతుంది. కానీ అసలు ఫైలును దయచేసి చెరపకండి. ఆ డ్యాన్స్ మళ్లీ తీయలేం కదా!

ప్రశ్న: ఫోన్‌లో అద్దంలా కనిపించే వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టగానే మసకబారుతోంది.

ముందు ఒకటి చెప్పండి, ఆ వీడియో మీ ఫోన్‌లోకి ఎలా వచ్చింది? స్నేహితులు వాట్సాప్‌లో పంపినదైతే నాణ్యత దారిలోనే పోయింది. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని బాగా కుదించేస్తుంది. అదే ‘డాక్యుమెంట్’గా పంపమనండి, 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టే వస్తుంది.

మీరే తీసినదైతే ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో ‘అప్‌లోడ్ ఎట్ హయ్యెస్ట్ క్వాలిటీ’ ఆన్ చేయండి. రీల్‌ని 1080 x 1920 సైజులో ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. రంగులు వెలిసినట్టో, మరీ వెలుగుగానో ఉంటే అనుమానించాల్సింది హెచ్‌డీఆర్‌ని, అంటే వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే రికార్డింగ్ పద్ధతిని. కెమెరా సెట్టింగ్స్‌లో దాన్ని తీసేసి ఓ చిన్న క్లిప్ తీసి పోల్చి చూడండి.

యూట్యూబ్‌లోనూ ఇదే భయంతో కొందరు పెట్టిన వీడియోని వెంటనే డిలీట్ చేస్తుంటారు. తొందరపడకండి. యూట్యూబ్ ముందు తక్కువ రిజల్యూషన్‌ని సిద్ధం చేసి చూపిస్తుంది. హెచ్‌డీ, 4కే ఆ తర్వాత వస్తాయి. పెద్ద వీడియో అయితే గంటలు పట్టొచ్చు.

ప్రశ్న: ఎడిట్ చేశాక మాట ఒకచోట, పెదవులు ఒకచోట. వీడియో సాగేకొద్దీ తేడా పెరుగుతోంది.

పెరుగుతోందన్నారు చూడండి, అదే ఆధారం. ఫోన్లు సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీయవు. వెలుతురు తగ్గినా, ఫోను వేడెక్కినా సంఖ్య మారుతుంది. కొన్ని ఎడిటర్లు మాత్రం 30 అనే నమ్మి పేర్చుకుంటూ పోతాయి, శబ్దం తన దారిన తాను పోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో ట్యాబ్‌కి వెళ్లి ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని ఫైలును మార్చండి. ఎడిటింగ్ ఆ తర్వాతే మొదలుపెట్టండి.

ప్రశ్న: ‘ఫార్మాట్ సపోర్ట్ చేయదు’ అంటే ఫైలు పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని మార్చాను. అయినా తీసుకోలేదు.

డబ్బా మీద చీటీ మార్చారు, లోపలి సరుకు అదే ఉంది. అదే హ్యాండ్‌బ్రేక్‌లో డబ్బాగా ఎంపీ4, లోపలి సరుకుగా హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో ఎంచుకుని కొత్త ఫైలు చేయండి. దాదాపు అన్ని వేదికలూ ఈ మూడింటినీ తీసుకుంటాయి.

ప్రశ్న: యూట్యూబ్ నా 20 నిమిషాల వీడియోని తీసుకోవడం లేదు.

వెరిఫై చేయని ఖాతాకు 15 నిమిషాలే పరిమితి. ఫోన్ నంబర్‌తో వెరిఫై చేసుకుంటే 12 గంటలు లేదా 256 జీబీ, ఏది తక్కువైతే అంతవరకు పెట్టుకోవచ్చు.