ఇంజిన్ అవతలి గోడ దగ్గర ఆగిపోతుంటే

పట్టాలకు కరెంటిచ్చే కంట్రోలర్ దగ్గర బాగానే పరుగెత్తే మీ మోడల్ రైలు ఇంజిన్, బేస్‌మెంట్ అవతలి గోడ చేరేసరికి నీరసపడి ఆగిపోతోందన్నారు కదండీ. టెన్షన్ పడి మోటారు విప్పకండి, చాలావరకు దాని తప్పు కాదు. 45 మిల్లీమీటర్ల గేజ్ ఇత్తడి పట్టాల్లో వోల్టేజి పడిపోయేది ఎక్కువగా అతుకుల దగ్గరే. ఇంజిన్ అవతల నడుస్తుండగా మల్టీమీటర్‌తో కంట్రోలర్ దగ్గరా, అవతలి గోడ దగ్గరా పట్టాల వోల్టేజి చూడండి. బండి లేకుండా చూస్తే తేడా దాదాపు కనబడదు. తేడా ఉంటే పట్టాల వెంట లావుపాటి రాగి తీగల జత పరిచి, రెండు మూడు మీటర్లకోసారి కనెక్షన్ ఇవ్వండి. ఏ తీగ ఏ పట్టాకో రంగుతో గుర్తు పెట్టుకోండి, తారుమారైతే షార్టవుతుంది.

తేమ ఉంటే పట్టాలను కలిపే అతుకు ముక్క, అంటే జాయినర్ లోపల నల్లటి పొర పడుతుంది, ఒకటి ఊడదీసి చూడండి. స్టీల్ ఊలుతో మాత్రం రుద్దొద్దు! ఆ సన్నటి పోగులు మోటారు అయస్కాంతానికి అంటుకుంటే ఇంజినే పాడవుతుంది.