ఆర్టీసీ సమ్మెను ఏ సిద్ధాంతంతో చూడాలి?

2019 తెలంగాణ ఆర్టీసీ సమ్మె మీద ప్రాజెక్టు రాస్తున్నానన్నారు. యూనిటరీ (సంస్థంతా ఒకే కుటుంబం, పెత్తనం ఒక్కరిదే అనే చూపు), ప్లూరలిస్టు (వేర్వేరు ప్రయోజనాలున్న పక్షాలు బేరమాడి రాజీకి రావాలనే చూపు), అమెరికన్ ఆర్థికవేత్త డన్‌లప్ వ్యవస్థా సిద్ధాంతం, వీటిలో ఏది తీసుకోవాలని అడిగారు. నేనైతే డన్‌లప్‌తోనే మొదలుపెట్టమంటాను. అది సరిగ్గా అతుకుతుందని కాదు, ఎక్కడ అతకదో అక్కడే అసలు విషయం ఉంది.

మా నాయన సిటీ బస్సు డ్రైవరు. అప్పుడు నేను ఎంహెచ్‌ఆర్‌ఎం (మానవ వనరుల నిర్వహణలో పీజీ) చదువుతున్న. క్లాసు అయినంక టిఫిన్ బాక్సు పట్టుకుని డిపో గేటు ముందు టెంటుకు పోయేదాన్ని.

డన్‌లప్ 1958లో చెప్పిన ప్రకారం పారిశ్రామిక సంబంధాల్లో పాత్రధారులు ముగ్గురు: కార్మికులు, యాజమాన్యం, ప్రభుత్వ సంస్థలు. టెంటులో కూర్చుంటే నాకు ఇద్దరే కనబడ్డారు. కార్పొరేషన్ పేరుకు వేరే సంస్థ. టికెట్ ధర పెంచాలన్నా, జీతాలు సవరించాలన్నా ప్రభుత్వం ఒప్పుకోవాలి. రాజీ కుదర్చాల్సిన కార్మిక శాఖ కూడా ఆ ప్రభుత్వానిదే. నాయన దోస్తు ఒకాయన అనేవాడు: "తాళంచెవి సెక్రటేరియట్ల ఉంటే, ఎండీతోని మాట్లాడి ఏం ఫాయిద బిడ్డా?"

26 డిమాండ్లలో ప్రభుత్వంలో విలీనం ఎందుకు ముందుందో ఆ మాటతో నాకు అర్థమైంది. సర్కారు ఉద్యోగం మీద ఆశ ఒక్కటే కాదది. నిర్ణయాలు తీసుకునేవాళ్లే తమ యజమానిగా ఎదురుగా కూర్చోవాలని వాళ్లు అడిగారు.

ఇక యూనిటరీ చూపుకు ఉదాహరణ వెతకక్కర్లేదు. అక్టోబర్ 5 సాయంత్రం 6 గంటల లోపు డ్యూటీలో చేరనివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. దాదాపు 48 వేల మంది, అదీ సద్దుల బతుకమ్మకు ఒక రోజు ముందు. సమ్మె తర్వాత యూనియన్ల స్థానంలో డిపోల్లో సంక్షేమ మండళ్లు పెట్టడమూ ఆ చూపే. కానీ "మన సంస్థ" అనే భావన కార్మికుల్లోనూ ఉంది, దీన్ని వదిలేయకండి. టెంటు ముందు నుంచి తాత్కాలిక డ్రైవరు నడిపే బస్సు పోతుంటే, గేరు మార్చిన చప్పుడు విని నాయన మొహం ముడుచుకునేది. సమ్మెలో ఉన్నా ఆయనకు అది తన బస్సే.

ప్లూరలిజానికి రెండు పక్షాలూ నమ్మే మధ్యవర్తి కావాలి. ముగ్గురు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తుల కమిటీ వేద్దామని హైకోర్టు సూచిస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరికి నవంబర్ 18న కోర్టు విషయాన్ని కార్మిక శాఖ కమిషనర్‌కే వదిలింది. అంటే మళ్లీ అదే ప్రభుత్వం దగ్గరికి. 52 రోజుల తర్వాత, నవంబర్ 25న కార్మిక సంఘాల ఐక్య వేదిక జేఏసీ సమ్మె విరమించింది. 29 నుంచి అందరినీ డ్యూటీలోకి తీసుకున్నారు.

డన్‌లప్ ఇంకోటి కూడా అంటాడు: ముగ్గురినీ కలిపి ఉంచే ఉమ్మడి భావజాలం ఉండాలని. 2011 సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కార్మికులు బస్సులు ఆపారు. రాష్ట్రం వస్తే మన సర్కారు మన మాట వింటదని నమ్మారు. 2019లో తెగింది ఆ నమ్మకమే. 2023 ఆగస్టులో అసెంబ్లీ విలీనం బిల్లును ఆమోదించింది, దాన్నీ ఈ వెలుగులోనే చదవండి.

డిపోలకు పోతే డిమాండ్ల జాబితా అడగకండి, అది పాత పేపర్లలో దొరుకుతుంది. "మీ యజమాని ఎవరు?" అని అడగండి. 2011 సమ్మెలో ఉన్నవాళ్ల జవాబులు, తర్వాత చేరినవాళ్లవి విడివిడిగా రాసుకోండి.