2 లక్షల కిలోమీటర్లు దాటిన ఆల్ వీల్ డ్రైవ్ కారు: ఉన్న పొదుపంతా పెట్టొచ్చా?

ప్రశ్న: రోజూ ఆఫీసుకి రానూపోనూ 50 కిలోమీటర్లు. దారిలో కొంత కొండరోడ్డు, వానాకాలంలో బురద. 11 ఏళ్ల ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకీ వెళ్లే) సెడాన్ ఒకటి అమ్మకానికి ఉంది. 2.10 లక్షల కిలోమీటర్లు తిరిగింది. ధర మా ఇంటి ఆరు నెలల ఖర్చుతో సమానం. తక్కువ తిరిగిన ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలకే శక్తి వెళ్లే) కారుకి దాదాపు రెట్టింపు చెబుతున్నారు. నా పొదుపు ఎనిమిది నెలల ఖర్చుకి సరిపోతుంది. అప్పంటే భయం. ఉన్న డబ్బుతో కొనేయమంటారా?

జవాబు: ఉన్న డబ్బంతా పెట్టి మాత్రం కొనొద్దు. కారు మంచిదే కావచ్చు. కానీ కొన్న రోజు సాయంత్రానికి మీ చేతిలో మిగిలేది రెండు నెలల ఖర్చు. ఇంత తిరిగిన కారుకి ఒక్క పెద్ద రిపేరు వస్తే అది కూడా అయిపోవచ్చు. అదే సమయంలో ఉద్యోగానికో, ఇంట్లో ఎవరి ఆరోగ్యానికో ఇబ్బంది వచ్చిందంటే, మీరు భయపడుతున్న ఆ అప్పే క్రెడిట్ కార్డు వడ్డీకి చేయాల్సి వస్తుంది.

కొత్త కారు విలువ మొదటి కొన్నేళ్లలోనే ఎక్కువగా పడిపోతుంది. ఆ నష్టం పాత ఓనరు భరించేశారు కాబట్టి మీకు ధర తక్కువలో దొరుకుతోంది. ఇక మీ వంతుకి మిగిలేవి రిపేర్లు. ఈ రకం కారులో పాడవడానికి వస్తువులూ ఎక్కువే. వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు, మలుపుల్లో వెనక రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె అయిన వెనక డిఫరెన్షియల్, ముందు వెనకల మధ్య శక్తిని పంచే కప్లింగ్ లేదా సెంటర్ డిఫరెన్షియల్... ఫ్రంట్ వీల్ కారులో ఇవి ఉండవు. బరువు ఎక్కువ కావడం వల్ల ఇంధనం కూడా కొంచెం ఎక్కువే తాగుతుంది.

చాలామంది లెక్కలోకి తీసుకోని ఖర్చు టైర్లది. మామూలు కారుకి ఒక టైరు కోసుకుపోతే ఒకటో, జతగా రెండో మారుస్తాం. ఆల్ వీల్ డ్రైవ్‌లో నాలుగు టైర్ల చుట్టుకొలత దాదాపు ఒకేలా ఉండాలి. కొత్త టైరుకి ట్రెడ్ (టైరు మీది గాడుల) లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. మిగతా మూడూ 4 మిల్లీమీటర్లకి అరిగి ఉంటే, కొత్తది వాటికన్నా నెమ్మదిగా తిరుగుతుంది. ఆ తేడాని సర్దడానికి కప్లింగ్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉండి, వేడెక్కి, అరిగిపోతుంది. అనుమతించే తేడా ఎంతో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది, చాలా తక్కువే ఉంటుంది. అంటే ఒక్క టైరు పోయినా నాలుగింటి బిల్లు కట్టాల్సి రావచ్చు. చూడ్డానికి వెళ్లినప్పుడు ముందుగా టైర్లే చూడండి. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి కాకపోతే, ఈ ఓనరు మిగతా మెయింటెనెన్స్ ఎలా చేసుంటారో అర్థమైపోతుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్ తయారైన వారం, సంవత్సరం చెబుతుంది. 2319 అంటే 2019లో 23వ వారం.

ఇంతకీ మీకు ఆల్ వీల్ డ్రైవ్ అవసరమా? బురదలోంచి బండి కదలడానికి, జారే ఎత్తు ఎక్కడానికి అది బాగా పనికొస్తుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే మాత్రం దాని సాయం ఏమీ ఉండదు, అక్కడ పట్టు టైర్లదే. ఏడాదిలో కొన్ని రోజుల బురద కోసమే అయితే, మంచి టైర్లున్న ఫ్రంట్ వీల్ కారు మీకు సరిపోతుందని నా అభిప్రాయం. రెట్టింపు ధరది వద్దు. ఇదే ధరలో, దాదాపు ఇన్నే కిలోమీటర్లు తిరిగి, సర్వీస్ రికార్డు పూర్తిగా ఉన్నది వెతకండి.

లేదు, బండి నిజంగానే తరచూ ఇరుక్కుపోయే దారి అంటారా, అప్పుడు ఈ కారునే ఇంకోలా కొందాం. ఎనిమిది నెలల్లో మూడు నెలల ఖర్చు ముట్టుకోకండి. రెండు నెలల ఖర్చు రిపేర్లకని విడిగా పెట్టండి. ధరలో మూడో వంతన్నమాట. ఎక్కువనిపిస్తుంది, కానీ ఈ వయసు కారుకి నేను అంతకన్నా తక్కువ చెప్పలేను. మిగిలిన మూడు నెలల డబ్బు కారుకి కట్టి, మిగతా సగం లోను తీసుకోండి. నిదానంగా కట్టుకునే అప్పు కన్నా చేతిలో డబ్బు లేకపోవడమే మీకు పెద్ద ప్రమాదం. గడువు మాత్రం రెండేళ్లు దాటనివ్వొద్దు. మీరు ఏడాదికి దాదాపు 15 వేల కిలోమీటర్లు తిప్పుతారు కాబట్టి, అప్పు తీరేసరికి బండి 2.40 లక్షలకి చేరుతుంది. షెడ్డులో ఆగిపోయిన కారుకి ఈఎంఐ కట్టే పరిస్థితి రాకూడదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు, అమ్మే వాళ్లకి సంబంధం లేని మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించండి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా నడపమనండి. బండి పట్టేసినట్టు కుదుపులతో కదిలితే కప్లింగ్ లేదా సెంటర్ డిఫరెన్షియల్ మీద అనుమానం. వెనక డిఫరెన్షియల్ దగ్గర నూనె కారుతోందేమో, దాని ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. ఇంజిన్‌కి టైమింగ్ బెల్ట్ (వాల్వులు పిస్టన్లతో కలిసి సరైన సమయానికి కదిలేలా చేసే బెల్టు) ఉంటే, మార్చినట్టు బిల్లు చూపించాలి. చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజినే పోతుంది. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడానికే ఒప్పుకోకపోతే ఇక మాట్లాడక్కర్లేదు.

ఇంత పాత కారుకి లోను ఇవ్వని సంస్థలు చాలా ఉంటాయి, ఇచ్చేవి వడ్డీ ఎక్కువ అడుగుతాయి. అందుకే కారు చూడకముందే లోను సంగతి తేల్చుకోండి. లోను రాకపోతే మీరు పెట్టగలిగే ధర మూడు నెలల ఖర్చే. ఆ ధరకి ఈ కారు రాదు కాబట్టి, ఈఎంఐ కింద కట్టాల్సిన మొత్తాన్ని నెలనెలా ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ ఏడాది ఆగండి.