నీతిశాస్త్రం పాఠం తత్వశాస్త్ర శాఖ చెప్పాలా, ఎవరి శాఖ వారికి వారే చెప్పుకోవాలా?

పదకొండేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను కాబట్టి ధైర్యంగా అంటున్నాను: ఎవరు చెప్పినా ఒకటే. ఎదురుగా ఎవరెవరు కూర్చున్నారన్నదే లెక్క. ఒకే శాఖ పిల్లలను పోగుచేసి చెప్పేటట్లయితే, ఆ గంటసేపు వాళ్లను నిద్రపోనివ్వడం మేలు.

మొదట్లో నేనూ కాంట్, మిల్ లాంటి తత్వవేత్తలంటూ మొదలుపెట్టి, అదుపుతప్పిన బండి, పట్టాల మీద అయిదుగురు, పక్క పట్టాల మీద ఒకరు, బండిని పక్కకు మళ్లించాలా వద్దా అనే ఉదాహరణకు వచ్చేవాణ్ని. 1967లో తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ దాన్ని గర్భస్రావం మీద రాసిన వ్యాసంలో వాడారు. మా తరగతిలో అది పొడుపుకథ అయిపోయింది. చేతులెత్తి ఓట్లు వేసి నవ్వుకుంటూ వెళ్లేవారు.

ఒక ఏడాది గదులు చాలక కంప్యూటర్ సైన్స్, నర్సింగ్, మేనేజ్‌మెంట్ విద్యార్థులను ఒకే గదిలో కుక్కారు. (గదులు కేటాయించే కమిటీ చేసిన మంచిపని అదొక్కటే, అదీ తెలియక.) ఆ రోజు థెరాక్-25 గురించి చెప్పాను. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే ఈ యంత్రం 1985-87 మధ్య ఆరుగురికి విపరీతమైన మోతాదు ఇచ్చింది. 1986లో టెక్సస్‌లో ఒక ఆపరేటర్ ఏ రకం కిరణాలో చెప్పేచోట పొరపాటున ఎక్స్‌రే అని కొట్టి, చటుక్కున ఎలక్ట్రాన్ అని దిద్దుకుంది. ఆమె వేళ్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ అందుకోలేదు. తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని వచ్చింది. ఆమె కొనసాగించే మీట నొక్కింది. లోపల అప్పటికే ఒక విపరీతమైన మోతాదు తగిలిన రోగి బల్ల మీంచి లేవబోతుండగా రెండో దెబ్బ తగిలింది. గదిలోని కెమెరా, మైకు ఆ రోజు పనిచేయడం లేదు.

"హెచ్చరిక చూసి కూడా నొక్కితే తప్పు ఆమెదే కదండీ" అన్నాడు ఒక కంప్యూటర్ కుర్రాడు.

వెనక బెంచీ నుంచి ఒక నర్సింగ్ అమ్మాయి లేచింది. "అలాంటివి రోజుకు ఎన్ని వస్తాయండీ?"

ఒక్కోరోజు నలభై దాకా, అన్నాను.

"54 అంటే ఏమిటో వాళ్లకు చెప్పారా?"

అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు.

ఆమె కుర్రాడి వైపు తిరిగింది. "మా వార్డులో నాలుగు పరికరాలు ఒకేసారి మోగుతుంటాయి. మోగినప్పుడల్లా చేతిలో పని ఆపేస్తే మందులెవరు ఇస్తారు? నువ్వు రాసిన అంకెకు అర్థం నేను వెతుక్కోవాలా?"

వాడు కాసేపు బల్లకేసి చూశాడు. "మరి ఎలా రాస్తే మీరు ఆగుతారు?" అన్నాడు. కాంట్‌తో నేను ఏనాడూ రాబట్టలేని ప్రశ్న అది.

పాత నమూనాలోనూ అదే లోపం ఉందని, కానీ అందులో ఫ్యూజు కాలి యంత్రం ఆగిపోయేదని, కొత్తదానిలో ఆ కాపలా కూడా సాఫ్ట్‌వేర్‌కే అప్పగించారని చెప్పాను. మేనేజ్‌మెంట్ పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "దానికి సంతకం పెట్టింది మావాళ్లే అయివుంటారు" అని ఒకమ్మాయి గొణిగింది.

ఇక పరీక్షల విభాగం సంగతి. నీతిశాస్త్రానికి కూడా నాలుగింటిలో ఒకటి గుర్తించే ప్రశ్నలే కావాలట! థెరాక్ విషయంలో బాధ్యత ఎవరిదని ఇచ్చి, ప్రోగ్రామర్, ఆపరేటర్, కంపెనీ, ఆసుపత్రి అని నాలుగు పేర్లు పెట్టాల్సివచ్చింది. ఆ నర్సింగ్ అమ్మాయి నాలుగూ నల్లగా దిద్దింది. సున్నా వచ్చింది. మార్చమని వెళ్లి అడిగాను. దిద్దేది యంత్రం, మా చేతిలో ఏమీ లేదన్నారు.