సబ్సిడీ ఉందని పంట మార్చాలా?

సందేహం: మూడెకరాల్లో కంది, వేరుశనగ వేస్తుంటాను. మొక్కజొన్న విత్తనానికీ యూరియాకీ సబ్సిడీ ఉందని చుట్టుపక్కల అందరూ అటే మారిపోతున్నారు. నేనూ మారితే మంచిదా సార్?

సలహా: మారొద్దని చెప్పను గానీ, ముందు ఒక కాగితం తీసుకుని సబ్సిడీ అసలు లేదనుకుని విత్తనం, ఎరువు, మందులు, కూలీలు, నీరు అన్నీ లెక్క వేయండి. అప్పుడు కూడా మిగులుతుందంటే ధైర్యంగా వేసుకోండి. సబ్సిడీ కలిపితేనే మిగులుతోందంటే మాత్రం ఆగండి, ఎందుకంటే అది ఎత్తేసిన ఏడాది కష్టమంతా మీ మీదే పడుతుంది. న్యూజిలాండ్‌లో ప్రభుత్వం గొర్రెల పెంపకానికి అండగా ఉన్నన్నాళ్లూ రైతులు మందలు పెంచుకుంటూ పోయారు, 1982 నాటికి గొర్రెలు 7 కోట్లకు చేరాయి. 1984 నుంచి సబ్సిడీలు తీసేయడం మొదలైంది, ఉన్ని ధర కూడా పడింది, చాలామంది పాడి వైపు మళ్లారు. ఇప్పుడు అక్కడ 3 కోట్లు కూడా లేవు.

ఏ పంట వేసినా ఎకరాకి ఇంత అని ఇచ్చే డబ్బుతో ఈ టెన్షన్ తక్కువ. ఒక్క పంటకే ఇస్తే అందరూ అదే వేస్తారు, కోతలు ఒకేసారి వస్తాయి, ధర పడిపోతుంది.

ఇంకో సంగతి, నాకు ఇదే ముఖ్యం. పూత దశలో ఒక వేరుశనగ మొక్కని మట్టితో సహా పెకిలించి, వేళ్ల మీది బుడిపెని గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అది గాలిలోని నత్రజనిని మీ పంటకి అందిస్తున్నట్టే. యూరియా చౌకగా దొరికేసరికి ఈ బుడిపెల విలువ లెక్కలోకి రాకుండా పోతోంది. 100 కిలోల యూరియాలో 46 కిలోల నత్రజని ఉంటుంది, చౌక కదా అని ఇంకాస్త చల్లుతాం, భాస్వరం, పొటాష్ ఖరీదని తగ్గిస్తాం. ఆకు ముదురు పచ్చగా కళకళలాడుతుంది, పురుగు కూడా ఆ మెత్తటి ఆకునే వెతుక్కుంటూ వస్తుంది.

అంతగా మనసు లాగితే ఈసారి ఒక్క ఎకరంలోనే మొక్కజొన్న వేయండి, అదీ కిందటి పంటగా వేరుశనగ వేసిన మడిలో. విత్తే ముందు మట్టి పరీక్ష చేయించి, ఆ ఫలితం చూశాకే యూరియా ఎంతో తేల్చుకోండి. మిగతా రెండెకరాల్లో కంది, వేరుశనగ అలాగే ఉండనివ్వండి.