వేరుశనగ రకాల్లో స్థిరమైనది ఏదో ఎలా తేల్చాలి?

ఒకే ఖరీఫ్‌లో ఆరు చోట్ల వేసిన వేరుశనగ పరీక్షలో ఒక రకం సగటు దిగుబడిలో ముందుండి చోటు చోటుకూ హెచ్చుతగ్గులు చూపిందనీ, మరొకటి కాస్త తక్కువైనా అంతటా ఒకే తీరున కాసిందనీ చెప్పి, దేన్ని ఎంచుకోవాలని అడిగారు. రాయలసీమ వర్షాధార భూముల్లో ఇటువంటి పరీక్షల్లో కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఆ ఒక్క ఖరీఫ్ లెక్కలతో దేనినీ స్థిరమైనదని నిర్ణయించవద్దు.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుందంటారు గానీ, పంటను నిలబెట్టేది ఆ మొత్తం కాదు, పూత మొదలై ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయగా మారే కాడలు) దిగి కాయ ఊరేదాకా నేలలో పదును ఉండటం. ఒక ఏడు బెట్ట ఊడల దశలో వస్తే మరో ఏడు కాయ ఊరేటప్పుడు వస్తుంది. పక్కపక్క మండలాల్లోని ఆరు పొలాలూ ఒకే బెట్టకు గురైతే, కాగితం మీద ఆరు వాతావరణాలున్నా పంట చూసింది దాదాపు ఒక్కటే. మా పరీక్షల్లో రకాల వరుస చోటు మారినప్పటి కంటే ఏడు మారినప్పుడే ఎక్కువగా తారుమారయ్యేది. అందువల్ల చోట్లు తగ్గించుకుని అయినా మూడేళ్లు వేయమంటాను.

ఇక లెక్క సంగతి. ఎబర్‌హార్ట్, రస్సెల్ అనే శాస్త్రవేత్తలు 1966లో చూపిన పద్ధతిలో, ఒక్కో చోట అన్ని రకాల సగటును బట్టి ఆ చోటికి సూచిక కట్టి, అది పెరిగేకొద్దీ ఒక రకం దిగుబడి ఎంత పెరుగుతుందో రిగ్రెషన్ గుణకంతో, అంటే ఆ దిగుబడుల మధ్యగా గీసిన గీత వాలుతో, కొలుస్తారు. సగటు ఎక్కువగా, గుణకం 1కి దగ్గరగా, ఆ గీత నుంచి విచలనం (అసలు దిగుబడులు గీతకు ఎంత దూరంగా పడ్డాయన్నది) సున్నాకు దగ్గరగా ఉన్నదే వారి లెక్కలో మేలైన రకం. గుణకం 1 కంటే బాగా తక్కువైతే అది మంచి వానల్లోనూ పెద్దగా కాయదు. మీ రెండో రకం ఆ కోవలోదే కావచ్చు. (అంతటా తక్కువ కాసేది కూడా స్థిరమైనదే, రైతుకు దానితో పనేమిటి?) పైగా ఆరు చోట్లతో విచలనాన్ని అంచనా కట్టడానికి మిగిలేవి నాలుగు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (గీత గీశాక మిగిలే స్వతంత్ర సమాచారం) మాత్రమే, కాబట్టి ఆ అంచనాను గట్టిగా నమ్మలేం.

చోట్లు తక్కువైనప్పుడు లిన్, బిన్స్ అనే శాస్త్రవేత్తలు 1988లో ప్రతిపాదించిన కొలతనే నేను ముందు వేస్తాను. ప్రతి చోటా దిగుబడిలో మొదట నిలిచిన రకానికీ మనం పరీక్షిస్తున్న రకానికీ ఉన్న తేడాను వర్గం చేసి, అన్నిటినీ కూడి, చోట్ల సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి. ఎంత తక్కువ వస్తే అంత మేలు. దాని పక్కనే, అన్నిటికంటే ఎక్కువగా ఎండిన చోట వచ్చిన కాయ దిగుబడిని, రైతులు ఇప్పటికే వేస్తున్న చెక్ రకం దిగుబడితో కలిపి రాయండి. వేరుశనగలో విత్తనం ఖర్చే పెద్దది కాబట్టి, బెట్ట ఏడు ఆ ఖర్చయినా తిరిగి వస్తుందా అని రైతు మొదట అడిగేది ఎండిన చోటి ఆ అంకెనే.